నియాసిన్ చేసే బాక్టీరియా దొరికింది, ఆటోనగర్‌లో షెడ్డు పెట్టొచ్చా?

ప్రశ్న: గుంటూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేశాను. ప్రాజెక్టులో భాగంగా తెనాలి దగ్గర మా పొలం మట్టిలోంచి ఒక బాక్టీరియాను వేరు చేశాను. దానిలోని నైట్రిలేజ్ ఎంజైమ్ 3-సయనోపిరిడిన్‌ను నియాసిన్‌గా (విటమిన్ బి3) మారుస్తోంది. కన్వర్షన్ (వేసినదాంట్లో సరుకుగా మారిన భాగం) 98 శాతం వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామగారికి రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. కోళ్ళ మేత, రొయ్యల మేత తయారు చేసేవాళ్ళకు నియాసిన్ అమ్మితే గిట్టుబాటు అవుతుందా? పెట్టుబడి పెట్టమంటారా?

సమాధానం:

అమ్మా, మీ పొలం మట్టిలో దొరికిన బాక్టీరియా చేస్తున్నది నిజమైన పారిశ్రామిక రసాయన శాస్త్రమే. మీ సయనోపిరిడిన్ లాంటి నైట్రైళ్ళు అనే రసాయనాలను మార్చే ఎంజైములతో ప్రపంచంలో వేల టన్నుల సరుకు తయారవుతోంది. అందుకని మీ ప్రాజెక్టును మీరు తక్కువ చేసుకోకండి, ఇంకెవర్నీ తక్కువ చేయనివ్వకండి. కానీ షెడ్డు మీద ఇప్పుడే డబ్బు పెట్టొద్దు. మేతలో కలిపే నియాసిన్ అమ్మే ఆలోచనైతే పూర్తిగా మానుకోండి. ఎందుకో వివరంగా రాస్తాను. ఆ కారణాల్లోనే మీకు పనికొచ్చే వేరే దారి కూడా ఉంది. నేను చాలా ఏళ్ళు ఎంజైమ్ రియాక్టర్ల దగ్గర పనిచేశాను, మీలాంటి పిల్లలు మంచి పనితో మొదలుపెట్టి తప్పు లెక్కతో ఆగిపోవడం చూస్తే బాధగా ఉంటుంది.

98 శాతం అనే అంకె చూసి సంతోషపడటం సహజం. అయితే ఎంతలో 98 శాతం? ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో సాధారణంగా 10 మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వందో వంతు) సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైము మార్చే ముడిపదార్థం, తీసుకుంటారు. మీరూ అంతే తీసుకున్నారనుకుందాం. నియాసిన్ అణుభారం 123. అంటే లీటరుకు 1.2 గ్రాముల సరుకు. మేత కంపెనీ అడిగే 25 కిలోల సంచి ఒక్కటి నింపాలంటే మీరు 20 వేల లీటర్లకు పైగా ద్రావణం తయారు చేయాలి, అంటే రెండు పెద్ద నీళ్ళ ట్యాంకర్లు. అందులోంచి 25 కిలోల తెల్లటి పొడిని బయటికి తీయాలి, మిగతా నీటినంతా శుద్ధి చేయాలి. అదే పనిని జపాన్‌వాళ్ళు రోడోకాకస్ రోడోక్రోస్ జే1 అనే బాక్టీరియాతో చేసి లీటరుకు 172 గ్రాముల నియాసిన్ తీశారు. ఆ లెక్కన మీ సంచికి ఒక 200 లీటర్ల డ్రమ్ము కూడా పూర్తిగా నిండనక్కర్లేదు. రెండింట్లోనూ కన్వర్షన్ దాదాపు ఒకటే. వ్యాపారం మాత్రం ఒకదానిలోనే ఉంది.

కాబట్టి ఈ రంగంలో మొదట చూసేది లీటరుకు ఎన్ని గ్రాములు అన్నది. తర్వాత, ఒక కిలో బాక్టీరియా కణాలు పూర్తిగా అరిగిపోయేలోపు ఎన్ని కిలోల సరుకు ఇచ్చాయన్నది. ఆఖరికి, ఆ సరుకు నీటిలోంచి ఎంత సులువుగా విడిపోతుందన్నది. ఈ మూడూ బాగుంటే 90 శాతం కన్వర్షన్‌తో కూడా నెట్టుకురావచ్చు.

దీనికి మంచి ఉదాహరణ అక్రిలమైడ్. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో బురదను గడ్డకట్టించడానికి వాడే పాలీఅక్రిలమైడ్‌కు అదే ముడిసరుకు. పాత పద్ధతిలో అక్రిలోనైట్రైల్‌ను రాగి ఉత్ప్రేరకం మీద 100 డిగ్రీల దరిదాపుల్లో నీటితో కలిపేవారు. ఆ తర్వాత మిగిలిపోయిన అక్రిలోనైట్రైల్‌ను విడదీయాలి, ద్రావణంలోకి దిగిన రాగిని తీసేయాలి. క్యోటో విశ్వవిద్యాలయంలో హిదేయాకి యమద బృందం నైట్రైళ్ళ మీద బతికే బాక్టీరియాల ఎంజైములను చాలాకాలం పాటు లోతుగా పరిశీలించింది. 1985లో నిట్టో కెమికల్ కంపెనీ ఏడాదికి 4 వేల టన్నుల స్థాయిలో బాక్టీరియాతో అక్రిలమైడ్ తయారీ మొదలుపెట్టింది. 10 డిగ్రీలు దాటని చల్లదనంలో, మామూలు పీడనంలో, రాగి అన్నదే లేకుండా.

మీరు గమనించాల్సింది ఆ తర్వాత జరిగింది. 1985లో వాడిన ఎన్-774 అనే స్ట్రెయిన్‌తో (బాక్టీరియా రకంతో) వాళ్ళు సరిపెట్టుకోలేదు. 1988లో సూడోమోనాస్ క్లోరోరాఫిస్ బీ23కి మారారు. 1991లో జే1కి మారారు. అక్రిలమైడ్ చేసే ఎంజైము పేరు నైట్రైల్ హైడ్రటేజ్. మొదటి రెండింటి ఎంజైములో ఇనుము ఉంటుంది, జే1 ఎంజైములో కోబాల్ట్ ఉంటుంది. ఎన్-774 రకం ఎంజైముకు ఒక విచిత్రమైన గుణం ఉంది. చీకట్లో నైట్రిక్ ఆక్సైడ్ దాని ఇనుమును పట్టుకుని పనిచేయనివ్వదు, వెలుగు పడితే వదిలేస్తుంది. చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. జే1కి ఆ తంటా లేదు. పెంచే మీడియంలో యూరియా, కొద్దిగా కోబాల్ట్ వేస్తే కణంలో కరిగే ప్రొటీన్‌లో సగానికి పైగా ఈ ఒక్క ఎంజైమే తయారవుతుంది. దాంతో లీటరుకు 600 గ్రాములు దాటి అక్రిలమైడ్ వచ్చింది. అక్రిలమైడ్‌ను ఎలాగూ నీటి ద్రావణంగానే అమ్ముతారు కాబట్టి మరిగించి నీటిని తీసేసే ఖర్చు దాదాపు లేకుండా పోయింది. అక్కడ గెలిచింది ఆ గాఢత.

గాఢత విలువ ఎంతో ఒక్క లెక్కలో చెప్తాను. సరుకు 5 శాతం ఉంటే కిలో సరుకుకు 19 కిలోల నీటిని ఆవిరి చేయాలి. 50 శాతం ఉంటే ఒక కిలో చాలు. బాయిలర్ బిల్లు కట్టేవాడికి ఈ తేడా ప్రతి నెలా తెలుస్తుంది.

ఇప్పుడు మీ ఎంజైము సంగతి. జే1లోనే నైట్రిలేజ్ కూడా ఉంది, మీరు పని చేస్తున్న రకం. యూరియా వేస్తే నైట్రైల్ హైడ్రటేజ్ వస్తుంది, ఐసోవాలరోనైట్రైలో కాప్రోలాక్టమో వేసి పెంచితే నైట్రిలేజ్ వస్తుంది. మొదటిది నైట్రైల్‌కు ఒక నీటి అణువును చేర్చి అమైడ్ దగ్గర ఆగుతుంది. రెండోది రెండు నీటి అణువులను చేర్చి, అమ్మోనియాను వదిలి, నేరుగా ఆమ్లం దాకా వెళ్తుంది. జే1 హైడ్రటేజ్‌తోనే 3-సయనోపిరిడిన్ నుంచి నియాసినమైడ్‌ను (బి3 విటమిన్‌లోనే మరో రూపం) లోంజా కంపెనీ చైనాలోని గ్వాంగ్‌జౌలో తయారు చేసింది. మీరు ప్రశ్నలో ఏ ఇండ్యూసర్ (ఎంజైమును తయారు చేయమని కణాన్ని ప్రేరేపించే పదార్థం) వాడారో రాయలేదు. అది చాలా ముఖ్యం. ఇండ్యూసర్ ఖరీదైనదైతే, విషపూరితమైనదైతే కణాలు పెంచే దగ్గరే మీ లెక్క తప్పుతుంది. కాప్రోలాక్టమ్ నైలాన్ పరిశ్రమ సరుకు, కొనగలిగిన ధరలో దొరుకుతుంది. మీ బాక్టీరియా దానికి స్పందిస్తుందేమో మొదట చూడండి.

లీటరుకు 1.2 గ్రాముల నుంచి 100 గ్రాములకు వెళ్ళడమంటే ఫ్లాస్కులో సబ్‌స్ట్రేట్ ఎక్కువ పోయడం కాదు. ఒకేసారి ఎక్కువ వేస్తే 3-సయనోపిరిడినే ఎంజైమును అణిచేస్తుంది. కొద్దికొద్దిగా వేయాలి, హెచ్‌పీఎల్‌సీలో (ద్రావణంలో ఏది ఎంతుందో కొలిచే యంత్రం) పాతది అయిపోయిందని చూసుకున్నాక తర్వాతి విడత వేయాలి. ఇంకో సంగతి. నైట్రిలేజ్ పని జరిగే చోట సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, దానిలో గంధకం ఉంటుంది. రాగి, వెండి, పాదరసం అయాన్లు తగిలితే అది చచ్చుబడిపోతుంది. ఆటోనగర్‌లో వెసెల్ చేయిస్తే మేస్త్రీ అలవాటు కొద్దీ ఇత్తడి వాల్వు బిగిస్తాడు. అతని తప్పేం లేదు, మిగతావాళ్ళందరికీ అదే చాలు. మీకు మాత్రం ద్రావణం తగిలే ప్రతి చోటా స్టెయిన్‌లెస్ స్టీలో, గాజో, టెఫ్లానో ఉండాలి. ఇది డ్రాయింగ్ మీద ముందే రాసివ్వండి.

కణాలను మళ్ళీ మళ్ళీ వాడటానికి మీరు ఆల్జినేట్ గుళికలు చేసే ఉంటారు, అన్ని కాలేజీల్లోనూ చేయిస్తారు. కణాలు కలిపిన సోడియం ఆల్జినేట్‌ను సిరంజితో కాల్షియం క్లోరైడ్‌లోకి చుక్కలుగా వదిలితే సగ్గుబియ్యంలా గుళికలు దిగుతాయి. చూడటానికి బాగుంటాయి. వాటిని తీసుకెళ్ళి ఫాస్ఫేట్ బఫర్‌లో వేస్తే మాత్రం రెండు మూడు బ్యాచుల్లో ఉబ్బుతాయి, వేళ్ళ మధ్య నొక్కితే జారిపోతాయి, చివరికి ద్రావణం పాలలా తెల్లబడుతుంది. గుళికను పట్టి ఉంచే కాల్షియంను ఫాస్ఫేట్ లాగేసుకోవడమే కారణం. పైగా మీ చర్యలో తయారయ్యేది అమ్మోనియం నికోటినేట్. గాఢత పెరిగేకొద్దీ ఆ అమ్మోనియం అయాన్లు కూడా కాల్షియం స్థానాన్ని ఆక్రమిస్తాయి. 10 మిల్లీమోలార్ దగ్గర ఇది కనిపించదు, ఒక మోలార్ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పాలీఇథిలీన్‌ఇమైన్‌తో పూసి గ్లుటరాల్డిహైడ్‌తో గట్టిపరిచే పద్ధతి ప్రయత్నించండి. మొదట్లో కొంత బలం పోతుంది, కానీ తర్వాత నిలుస్తుంది.

గుళిక మన్నిక ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి జపాన్ మందుల కంపెనీ టనాబే సెయాకు వాళ్ళ పని చూడండి. ఇచిరో చిబాటా బృందం 1973లో ఈ.కోలై కణాలను జెల్‌లో బంధించి, ఫ్యూమరిక్ ఆమ్లం, అమ్మోనియా నుంచి ఎల్-ఆస్పార్టిక్ ఆమ్లం తయారీని ప్లాంటు స్థాయిలో మొదలుపెట్టింది. మొదట వాడిన పాలీఅక్రిలమైడ్ జెల్‌లో కణాల చురుకుదనం సగానికి పడటానికి 37 డిగ్రీల దగ్గర సుమారు 120 రోజులు పట్టేది. సముద్రపు నాచు నుంచి తీసే కారజీనన్ జెల్‌కు మారి, దాన్ని రసాయనాలతో గట్టిపరిచాక అది దాదాపు రెండేళ్ళు అయింది. ఎంజైము అదే, బాక్టీరియా అదే.

సరుకు విడదీయడంలో మీకు అదృష్టం ఉంది. నియాసిన్ చల్లటి నీటిలో లీటరుకు 20 గ్రాములు కూడా కరగదు. చర్య ముగిశాక కణాలను వడకట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెల్లగా పోస్తూ పీహెచ్ మూడున్నర దరిదాపులకు తెచ్చి, చల్లబరిస్తే తెల్లటి స్ఫటికాలు దిగుతాయి. బాయిలర్‌తో పని తక్కువ. ఇక్కడ మళ్ళీ గాఢతే నిర్ణయిస్తుంది. లీటరుకు 1.2 గ్రాములు ఉన్నప్పుడు ఎంత ఆమ్లం పోసినా ఏమీ దిగదు, అంతా నీటిలోనే కరిగి ఉంటుంది. 150 గ్రాములు ఉంటే పదో వంతో అంతకన్నా కాస్త ఎక్కువో మాత్రమే నీటిలో మిగులుతుంది.

ఆ మిగిలిన నీరే అసలు సమస్య. అమ్మోనియాను ఆమ్లం పట్టుకుంటుంది కాబట్టి కిలో నియాసిన్‌కు అర కిలోకు పైగా అమ్మోనియం సల్ఫేట్ వస్తుంది. ఎరువే కదా, రైతులకు ఇచ్చేద్దాం అని చాలామంది అంటారు. అందులో మారకుండా మిగిలిన సయనోపిరిడిన్, గ్లుటరాల్డిహైడ్ జాడలు ఉంటాయి. శుద్ధి చేసి, పరీక్ష చేయించకుండా పొలానికి పంపడం అన్యాయం. కాలువలోకి వదలడం గురించి మాట్లాడనే వద్దు, బందరు కాలువ నీళ్ళను ఇప్పటికే ఎన్ని ఊళ్ళు భరిస్తున్నాయో మీకూ తెలుసు. కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్‌ఈ (ప్లాంటు పెట్టడానికి అనుమతి), తర్వాత సీఎఫ్‌ఓ (నడపడానికి అనుమతి) తెచ్చుకోవాలి. వాహనాల మరమ్మతు షెడ్ల మధ్య, జనం తిరిగే చోట, రసాయన తయారీకి అనుమతి దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు. అదీగాక 3-సయనోపిరిడిన్ 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో బెజవాడ రేకుల షెడ్డులో డ్రమ్ము పైభాగం మెత్తబడి, రాత్రికి మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది. తూకం వేయాలంటే ఆ గడ్డను పగలగొట్టాలి, ఆ దుమ్ము పీల్చాల్సి వస్తుంది.

ఇవన్నీ సాంకేతికంగా దాటగలిగినవే. మేత నియాసిన్ వద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం వేరే ఉంది. 104 గ్రాముల సయనోపిరిడిన్ నుంచి, ఒక్క చుక్క వృథా కాకపోతే, 123 గ్రాముల నియాసిన్ వస్తుంది. అంటే కిలో నియాసిన్‌కు కనీసం 850 గ్రాముల సయనోపిరిడిన్ కొనాలి. మన దేశంలో పిరిడిన్ రసాయనాల్లో పెద్ద కంపెనీ జుబిలెంట్. సయనోపిరిడిన్ చేసేది వాళ్ళే, నియాసిన్, నియాసినమైడ్ చేసి ప్రపంచమంతా అమ్మేదీ వాళ్ళే. వాళ్ళకు సయనోపిరిడిన్ తయారీ ఖర్చుకే పడుతుంది, మీకు వాళ్ళ అమ్మకం ధర, రవాణా, జీఎస్టీ కలిపి పడుతుంది. మీకు ముడిసరుకు అమ్మేవాడే మీ పోటీదారు. బాక్టీరియా ఎంత గొప్పదైనా ఈ తేడాను పూడ్చలేదు. కైకలూరు, గుడివాడ వైపు మేత కంపెనీలు మీకు దగ్గరే అన్నది నిజమే, కానీ నియాసిన్ టన్ను మేతకు గ్రాముల్లో పడే సరుకు. రవాణా ఖర్చులో మిగిలేది ఏమీ ఉండదు. నమ్మకం కుదరకపోతే ముడిసరుకుకు, నియాసిన్‌కు ఒకే వారంలో కొటేషన్లు తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక వేరే దారి. మీ చేతిలో ఉన్న విలువైన వస్తువు నియాసిన్ కాదు, ఎంజైము. అది ఇంకా ఏయే నైట్రైళ్ళను మారుస్తుందో మీరు చూశారా? వెంటనే 4-సయనోపిరిడిన్ తెప్పించండి. దాని నుంచి వచ్చే ఐసోనికోటినిక్ ఆమ్లం క్షయ మందు ఐసోనియజిడ్‌కు ముడిసరుకు, నియాసిన్ కన్నా నీటిలో ఇంకా తక్కువ కరుగుతుంది, కాబట్టి విడదీయడం ఇంకా సులువు. సయనోపిరజీన్ కూడా పెట్టి చూడండి, పిరజినమైడ్ అనే మరో క్షయ మందు ఆ కుటుంబానిదే. హైదరాబాద్ చుట్టూ, పరవాడ దగ్గర ఉన్న మందుల కంపెనీలు ఇలాంటి వాటిలో మలినాలు తక్కువగా ఉండే పద్ధతి కోసం వెతుకుతూనే ఉంటాయి. మాండెలోనైట్రైల్ నుంచి ఆర్-మాండెలిక్ ఆమ్లం కూడా నైట్రిలేజ్‌తో పరిశ్రమ స్థాయిలో చేస్తున్నారు. ఒకే అణువుకు కుడి ఎడమ చేతుల్లా ఉండే రెండు రూపాల్లో ఒకదాన్నే ఎంచుకునే ఎంజైముకు అక్కడ మంచి ధర పలుకుతుంది. కానీ మాండెలోనైట్రైల్ విడిపోతే హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. సరైన ఫ్యూమ్ హుడ్, అనుభవజ్ఞులైన పర్యవేక్షకులు లేకుండా దాని సీసా మూత కూడా తీయకండి. ఇది ప్రాణాలతో పని.

వీటిలో మీరు సరుకు అమ్మక్కర్లేదు. స్ట్రెయిన్‌ను, పద్ధతిని కంపెనీకి లైసెన్సుకు ఇవ్వొచ్చు, లేదా వాళ్ళ అనుమతులున్న ప్లాంటులోనే చేయించవచ్చు. మేనమామగారి డబ్బును రియాక్టర్లలో పోయడం కన్నా ఇది చాలా చిన్న పెట్టుబడి.

దానికి ముందు బాక్టీరియా ఎవరో తేల్చండి. బాక్టీరియా జాతిని గుర్తించే 16ఎస్ జన్యువు సీక్వెన్స్ చేయించండి. నైట్రిలేజ్ ఉన్న బాక్టీరియాల్లో క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ ఎరుగినోసా లాంటి జబ్బు చేసేవి కూడా ఉన్నాయి. అలాంటిదని తేలితే నిరాశపడొద్దు, జన్యువును వేరు చేసి ఈ.కోలైలో పెట్టుకోవచ్చు, ఎంజైము ఎక్కువగా కూడా వస్తుంది. తర్వాత చండీగఢ్‌లోని ఎంటీసీసీలో (సూక్ష్మజీవులను భద్రపరిచే కేంద్రం) కల్చర్‌ను జమ చేయండి. ఫ్రిజ్‌లో ఒకే ఒక్క స్లాంట్ (కల్చర్ పెంచిన గాజు గొట్టం) పెట్టుకుని కూర్చుంటే, అది పోవడానికి కరెంటు పోయిన ఒక ఎండాకాలం రాత్రి చాలు. పేటెంట్ ఆలోచన ఉంటే, అది మన నేలలో దొరికిన జీవం కాబట్టి, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు వర్తిస్తాయి. మీ యూనివర్సిటీకి అందులో వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి, తర్వాత మొహమాటాలు వస్తాయి.

డబ్బుకు బైరాక్ (బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ బిగ్ అనే గ్రాంట్ ఉంది, 50 లక్షల రూపాయల వరకు ఇస్తారు, సరిగ్గా మీ దశలో ఉన్నవాళ్ళకే. అక్కడ కూర్చునేవాళ్ళు అడిగే అంకెలు నేను పైన అడిగినవే. అందుకని రెండు లీటర్ల జాకెట్ ఉన్న గాజు రియాక్టర్ ఒకటి సంపాదించి, విడతలుగా వేస్తూ మొదట లీటరుకు 50 గ్రాములు, తర్వాత 100 గ్రాములు అందుకోండి. అవే గుళికలతో పది బ్యాచులు వరసగా నడిపి, ప్రతి బ్యాచ్‌కూ ఎంత సమయం పట్టిందో రాయండి. మొత్తం సరుకును కణాల పొడి బరువుతో భాగించండి. నా లెక్కలో కిలో పొడి కణాలకు వంద కిలోల సరుకు రాకపోతే ఎవరితోనూ ధర గురించి మాట్లాడే స్థితి లేనట్టే. స్ఫటికాలను ఆరబెట్టి కరిగే ఉష్ణోగ్రత చూడండి, నియాసిన్ అయితే 236 డిగ్రీల దగ్గర కరగాలి, ఇంకా తక్కువకే కరిగితే మలినం ఉన్నట్టు. స్ఫటికాలు తీసేశాక మిగిలిన నీటిని సింకులో పారబోయకండి. ప్రతి బ్యాచ్‌దీ ఒక సీసాలో దాచి, అందులో సయనోపిరిడిన్ ఎంత, నియాసిన్ ఎంత, అమ్మోనియం ఎంత ఉందో కొలిపించండి. రేపు ఏ కంపెనీతో మాట్లాడినా వాళ్ళ ఎఫ్లుయెంట్ (వ్యర్థ జలాల) విభాగం మొదట అడిగేది ఆ సీసా రిపోర్టే.